గోడ మీది గాడిద

క్రాంతి కుమార్‌కు గోడల మీద రాతలంటే ఒళ్ళు మంట. నందికొట్కూరులో గోడ కట్టించినవాడి పేరు గోడ మీద ఉండదు గానీ, ఆ దోవన పోయిన ప్రతివాడి పేరూ ఉంటుంది. హీరోకు పుట్టినరోజు శుభాకాంక్షలు, మొలలకు మందు, పోయినసారి ఓట్లప్పటి గుర్తు, బాణం గుచ్చిన గుండెకాయ, దాని కింద ఇద్దరి పేర్లు, ఆ ఇద్దరిలో ఒకరి పేరును మళ్ళీ ఎవరో కసిగా గీకేసి ఉండటం. మనబోటివాళ్ళం ఇవన్నీ చూసీ చూడనట్టు పోయి బస్సెక్కేస్తాం. క్రాంతి అట్లా కాదు. ఆగుతాడు, చూస్తాడు, "ఛీ, ఏం జనమో" అంటాడు. కర్నూలులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టరు. గీత వంకర పోతే పిల్లవాడి చేత మళ్ళీ గీయించే రకం. ఆదివారం అమ్మను చూడ్డానికి ఊరికొస్తే, అమ్మ మొహం కన్నా ముందు గోడల మొహాలే చూసేవాడు.

అన్నిటికన్నా ఆయనకు కంటగింపు ఊరి చివర క్రైస్తవుల సమాధుల తోట గోడ. రోడ్డు పొడవునా మనిషెత్తుకు మించి ఉంటుంది. దాని మీద అరుగులకు పూసే ఎర్రజాజుతో ఎవరో పిచ్చిపిచ్చి బొమ్మలు గీసిపెట్టారు. ఒకచోట సున్నా, ఒకచోట పార లాంటిది, ఒకచోట బుట్ట లాంటిది, ఒకచోట ఏదో నాలుగు కాళ్ళ జంతువు. వానకు వెలిసిపోతాయి. ఏడాది తిరిగేసరికి ఎర్రగా మళ్ళీ కొత్తవి లేస్తాయి. చచ్చినవాళ్ళను కూడా వదలరు గదా అని క్రాంతి బాధ.

అట్లాంటి మనిషికి ఆ ఏడు మంచి అదను దొరికింది. వార్డుకొక గోడను అందంగా బొమ్మలతో నింపుకోండి, రంగులు మేమిస్తాం, బాగున్న గోడకు సన్మానం చేస్తాం అని మునిసిపాలిటీ వాళ్ళు చాటించారు. క్రాంతి మర్నాడే సంఘ పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారికి ఫోను చేశాడు. ఆ అయ్యగారు ఊరికి బదిలీ అయి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. "మంచి పనే గదయ్యా, ఆదివారం ఆరాధన అయినాక అందరితో మాట్లాడదాం" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి హాలు నిండింది. సంఘం వాళ్ళే కాదు, వార్డులో వాళ్ళు కూడా వచ్చారు. క్రాంతి తల్లి రత్నమణి ఇస్త్రీ చీర కట్టుకొని ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చుంది. కొడుకు మైకు పట్టుకొని నిలబడితే ఏ తల్లికైనా చూడాలని ఉంటుంది. క్రాంతి కూడా ముందు ఆమె కూర్చున్న చోటు చూసుకొని, తర్వాతే మొదలుపెట్టాడు.

గోడ ఎవరిది అని అడిగాడు. అందరిదీ అని ఆయనే చెప్పాడు. అందరిదీ అంటే ఎవడికి తోచింది వాడు గీకమని కాదు, ఎవడూ గీకకూడదని అర్థం అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆటో నడిపే హనుమేష్ వెనకనుంచి లేచాడు. ఊళ్ళో సగం గోడల మీద హీరో పేరు రాసినవాడు వాడే, ఆ సంగతి దాచుకునే అలవాటు కూడా వాడికి లేదు. "సార్, ఒక మాట అడుగుతా. మేం పేరు రాస్తే గలీజు. మీరు నెమలి బొమ్మేస్తే సుందరీకరణ. గోడ ఒకటే గదా సార్, యాడుండాది తేడా?"

"తేడా యాడుందా? నా బొమ్మ చూస్తే మనిషి నిలబడతాడు. నీ రాత చూస్తే ఉమ్మేసి పోతాడు. అదప్పా తేడా!"

హాలంతా గొల్లుమంది. హనుమేష్ చేతులు కట్టుకొని, "అయితే గోడ మింద ఎవురు గీయాల్నో మీరే చెప్తారన్నమాట" అని గొణిగి కూర్చున్నాడు. ఆ గొణుగుడు ఎవరికీ వినపడలేదు. వినపడినా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే అప్పటికి క్రాంతి లైట్లు ఆర్పించి తెర మీద ఫోటోలు వేశాడు. సమాధుల గోడ మీది ఎర్రజాజు గీతల్ని ఫోనుతో బాగా దగ్గరికి పోయి తీసినవి.

మొదట సున్నా వచ్చింది. లోపల మూడు గీతలు. "ఇది ముగ్గురన్నదమ్ములు పంచుకున్న దోసె" అన్నాడు. నవ్వారు. నవ్వు దొరికిన మాస్టరు ఊరికే ఉంటాడా? తర్వాతిది వేశాడు.

"ఇప్పుడు ఈ గాడిదను చూడండి. కాళ్ళు నాలుగున్నాయి, సరే. తల కిందికేసి మేస్తా ఉంది, సరే. తోక ఉంది. మరి కడుపులో ఈ చక్రమేందప్పా? బండిని మింగిందా?"

పాస్టరయ్య బైబిలు అడ్డం పెట్టుకొని నవ్వాడు. చిన్నాపెద్దా పొట్టలు పట్టుకున్నారు. క్రాంతికి ఉత్సాహం ఎక్కింది. "దీన్ని గీసినాయనకు నేను సున్నా మార్కులు కూడా ఎయ్యను. సున్నా గుండ్రంగా ఉంటాది. అంత గుండ్రానికి గూడా ఈయన తగడు!"

లైట్లు మళ్ళీ వేశారు. నవ్వులు ఇంకా ఆగకముందే విశ్వాసమ్మ లేచి నిలబడింది. చర్చి సందు మొగదల బొరుగుల ఉగ్గాని బండి పెట్టుకునే ముసలామె. రత్నమణికి వరసకు వదిన.

"అబ్బయా, అవి పిల్లోళ్ళ గీతలు కాదు నాయనా. ఉండనీ వాటిని. అవి..."

"పెద్దోళ్ళ గీతలైతే ఇంకా సిగ్గు గదత్తా!" అన్నాడు క్రాంతి. మళ్ళీ నవ్వులు. "టైమైపోయింది, అయ్యగారు ప్రార్థన చేసుకోవాల. కూర్చో అత్తా."

విశ్వాసమ్మ కూర్చోలేదు. వెనక్కి తిరిగి రత్నమణి వైపు చూసింది. రత్నమణి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అప్పుడు గానీ ముసలామె కూర్చోలేదు. క్రాంతి ఇదంతా వేదిక మీదనుంచి చూశాడు. నా మాటకు అడ్డం రావద్దని అమ్మ ఆమెకు సైగ చేసింది, అమ్మ అంటే అమ్మే అనుకున్నాడు. ప్రార్థన అయ్యేసరికి చివరి చాప ఖాళీగా ఉంది. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిందేమోలే అనుకున్నాడు.

ఇంటికి పోయేసరికి రత్నమణి అన్నం వడ్డించి ఉంచింది. ముందరి గదిలో కుట్టుమిషను పక్కన కూర్చొని తినడం క్రాంతికి చిన్నప్పటినుంచీ అలవాటు. నాయన ఏసన్న దర్జీ. ఆ మిషను కిందే క్రాంతి పాకడం నేర్చుకున్నాడు. దాని బల్ల మీదే పుస్తకం పెట్టుకొని మొదటిసారి బొమ్మలు గీశాడు. డ్రాయింగు కోర్సు చదివింది కూడా ఆ మిషను తొక్కిన కాళ్ళ పుణ్యమే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఏసన్న పోయాడు. అప్పుడు క్రాంతి కూడా కర్నూలులో జ్వరంతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. నాయన కడచూపు దక్కలేదు. లేచి తిరగగలిగినాక అయినా సమాధి దగ్గరికి పోవాల్సింది. పోలేదు. పూడ్చిననాడు లేనివాడు ఇప్పుడేం మొహం పెట్టుకొని పోవాలి అనిపించింది. తర్వాత ఏడు, పోయినవాళ్ళ సమాధులకు పూలు పెట్టే సమాధుల పండుగ వచ్చింది. పోయిన ఏడు రానివాడు ఈ ఏడు ఏం మొహం పెట్టుకొని రావాలి అనిపించింది. అట్లా ఒక సిగ్గు ఇంకో సిగ్గును కంటూ పోయింది. ప్రతి ఏడూ అమ్మకు పూలు మాత్రం పంపేవాడు. అమ్మ చూసుకుంటుందిలే అనుకునేవాడు. నాయన సమాధి ఎక్కడుందో, ఎట్లుందో ఒక్కసారి కూడా అడగలేదు.

"గోడంతా కొడతావా నాయనా?" అంది రత్నమణి పప్పు వేస్తూ. "రోంత గూడా ఇడ్సిపెట్టవా?"

"రోంత ఇడ్సిపెడితే కొత్త చీరకు మాసిక ఏసినట్టుంటుందమ్మా."

"ఆ గాడిద గూడా పోతాదా?"

"ముందు దాన్నే కొట్టేది" అని క్రాంతి నవ్వాడు. "చూస్తివా, ఎట్ల నవ్వినారో అందరూ?"

"చూస్తి. బాగా నవ్వినారు."

"నువ్వు నవ్వినావా?"

"పెరుగు తెస్తా ఉండు" అని ఆమె లోపలికి పోయింది.

దసరా సెలవుల్లో పని మొదలైంది. క్రాంతికి తోడు అష్రఫ్ వచ్చాడు. తాత కాలంనుంచి అంగళ్ళకు బోర్డులు రాసే ఇల్లు వాళ్ళది. ఫ్లెక్సీలు వచ్చినాక ఇట్లా గోడల పనికి దిగాడు. మొదటి రోజు రోలరు చేతిలో పట్టుకొని ఎర్రజాజు గీతల ముందు నిలబడిపోయాడు.

"సార్, ఇవి గీసినోళ్ళను ఒక మాట అడిగి కొడదామా? సమాధుల గోడ గదా. మా ఖబరస్తాన్ కాడ ఒక రాయి జరిపినా మా పెద్దోళ్ళు ఊరుకోరు."

"ఎవర్నడగాల అష్రఫ్? గాడిదనా?"

అష్రఫ్ నవ్వలేక నవ్వి రోలరు ముంచాడు. మిగతావన్నీ ఒక్క పూతకే పోయాయి గానీ, గాడిద మాత్రం మొండికేసింది. తెల్ల ప్రైమరు ఆరాక కింద నుంచి ఎర్రగా మళ్ళీ తేలింది. "చూడప్పా, దీని పొగరు" అని క్రాంతి తనే రోలరు తీసుకొని ఇంకో పూత కొట్టాడు. గోడ అడుగున ఎవరో అక్కడొకటి ఇక్కడొకటి రాళ్ళు పెట్టి ఉన్నారు. నిచ్చెన నిలబడటానికి అడ్డమని వాటిని ఏరి కాలవలో పారేశాడు. ఊళ్ళో గోడ కింద రాళ్ళు కూడా తిన్నగా ఉండనివ్వరు అని విసుక్కున్నాడు.

బొమ్మలు మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా వచ్చాయి. ఒక చివర శ్రీశైలం డ్యాము గేట్లెత్తి నీళ్ళు దూకుతుంటే, ఇంకో చివర కర్నూలు కొండారెడ్డి బురుజు. రెంటికీ నడుమ పొద్దుతిరుగుడు చేలు, ఆ చేలల్లో పురి విప్పిన నెమలి. బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. పెళ్ళి కావలసిన పిల్లలు నెమలి ముందు నిలబడి ఫోటోలు దిగారు. మునిసిపాలిటీలో క్రాంతికి శాలువా కప్పారు. ఆ ఫోటో బడి వాళ్ళు నోటీసు బోర్డులో పెట్టారు. రత్నమణికి కూడా చూపించాడు. ఆమె శాలువా అంచు వేళ్ళతో తడిమి, కుట్టు బాగుందని మాత్రం అంది.

నవంబరు వచ్చింది. సమాధుల పండుగకు ముందురోజు మధ్యాహ్నం అష్రఫ్ ఫోను చేశాడు.

"సార్, గాడిద మళ్ళొచ్చింది."

ఫోటో కూడా పంపాడు. నెమలి పొట్ట మీద, నీలం రంగు మీద, ఎర్రజాజుతో నాలుగు కాళ్ళు, ఒక చక్రం, కిందికి వంగిన తల. గీసిన చేయి వణికినట్టుంది. క్రాంతికి అరిటాకులో వడ్డించిన విందులో ఎవరో చెప్పులేసుకొని నడిచినట్టనిపించింది. ఇది హనుమేష్ పనే, ఆ రోజు మాట పడ్డాడు గదా, కక్ష పెట్టుకున్నాడు అని మనసులో ఖాయం చేసుకున్నాడు. చేసుకొని ఊరుకోక ఫోనులో ఆ ఫోటో స్టేటస్ పెట్టి, కింద ఇట్లా రాశాడు: 'ఈ గాడిదను గీసిన గాడిదను రేపు నేనే పట్టుకుంటా.' సాయంత్రానికి నందికొట్కూరంతా చూసింది. చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మలు, పగలబడి నవ్వే మొహాలు వరసగా వచ్చి పడ్డాయి.

మర్నాడు పొద్దు వాలే వేళకు క్రాంతి బస్సు దిగి నేరుగా సమాధుల తోటకు పోయాడు. గేటు బార్లా తీసి ఉంది. లోపల రాతి సమాధులున్న వాళ్ళు సున్నం కొడుతున్నారు, బంతిపూల దండలు వేస్తున్నారు, కొవ్వొత్తులు నిలబెడుతున్నారు. క్రాంతి లోపలికి పోలేదు. గోడ వెంట నెమలి దగ్గరికి నడిచాడు.

అక్కడ ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. సుగ్గికని, అంటే కోతల కాలం కూలికి, పత్తి చేలకు వలసపోయి పండుగ కోసం వచ్చిన కూలివాళ్ళు, ఇంకా మూటలు కూడా విప్పినట్టు లేదు. గోడను పైకీ కిందికీ చూస్తున్నారు. వాళ్ళను దింపిన ఆటో పక్కన హనుమేష్. ముందర నెమలి పొట్ట దగ్గర గొంతుక్కూర్చొని ఉన్నది రత్నమణి. చేతిలో గుడ్డ, పక్కన ముంత.

క్రాంతి గుండె ఉప్పొంగింది. పాపం అమ్మ, కొడుకు బొమ్మ పాడైందని తనే వచ్చి తుడుస్తూ ఉంది!

"నువ్వెందుకమ్మా తుడిచేది? లెయ్!" అన్నాడు గట్టిగా, హనుమేష్‌కు వినపడేట్టు. "గీసిన గాడిద ఎవరో, ఆ గాడిద చేతనే తుడిపిద్దాం!"

రత్నమణి కుడిచేయి గబుక్కున కొంగులో దాచుకుంది. అప్పుడు ముంత కనిపించింది. అందులో ఉన్నది నీళ్ళు కాదు, కలిపిన ఎర్రజాజు. దాచుకున్న చేతి వేళ్ళ ఎరుపు కొంగుకు అంటుకుంది.

గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు అరిచింది. "యాడత్తా? ఎంతసేపు నిలబడాల? కొట్టండి!" అది రెజీనా, విశ్వాసమ్మ కోడలు.

"ఏం కొట్టేది? ఎవరు లోపల?" అన్నాడు క్రాంతి.

విశ్వాసమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది. ఆమె చేతిలో గుండ్రాయి ఉంది. "ఇంక నేను నోరు మూసుకునేది ల్యా రత్నమణీ. నువ్వు ఎంత సైగ చేసినా ల్యా" అంది. క్రాంతి వైపు తిరిగింది. "ఒరే, మీ నాయన్ను పూడ్సినప్పుడు నువ్వు ల్యావు. నీ తప్పు కాదు, నువ్వూ మంచం మిందనే ఉంటివి. అడిగితే చెప్పుండుము. అడిగినావా ఎప్పుడన్నా?"

క్రాంతి గేటు వైపు చూశాడు.

"ఆ పొద్దు గేటుకు తాళమేసినారు. మమ్మల్ని ఇదో, ఈ రోడ్డు మిందనే నిలబెట్టినారు. లోపల పిలగాండ్లు ముసుగులేసుకోని ఈ గోడ పొంటనే గుంతలు తీసి, వరసగా దించినారు. 'మావోన్ని యాడ పెట్టినారప్పా' అని ఈడ్నుంచి మేం అరిస్తే, ఆ పిలగాండ్లకు పుణ్యముండాల, పార కట్టెతో లోపల్నుంచి గోడకు కొట్టినారు. ఆ సప్పుడు యాడొస్తే ఆడ గుర్తు పెట్టుకున్యాం. మాకు రాయనొస్తాదా, సదవనొస్తాదా? చేతనైన బొమ్మ గీసుకున్యాం. నా కొడుకు ట్రాక్టరు తోలుతాండె. స్టీరింగు గీసినా. నువ్వు దోసె అంటివే, అదేరా!"

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడమనిషి అందుకుంది. లోపల మట్టి దిబ్బలు వానలకు అణిగిపోయాయి, కంప లేచింది, ఎవరిది ఎక్కడో లోపలనుంచి ఏమీ తెలీదు. అందుకని ప్రతి పండుగకూ ఒకరు బయట గుర్తు మీద రాయితో కొడతారు. ఒకరు లోపల నిలబడి, సప్పుడొచ్చిన చోట పూలు పెడతారు. తర్వాత గుర్తుకు కొత్తగా జాజు పూస్తారు. ఇన్నేళ్ళూ అట్లే జరిగింది అని చెప్పింది.

"మరి... ఆ గాడిద?" క్రాంతి అడిగాడు. అడుగుతుండగానే ఆయనకు తెలిసిపోయింది. తెలిసిపోయినా ఇంకేదన్నా అయితే బాగుండునని అడిగాడు.

"గాడిదంట గాడిద! మీ నాయన కుట్టుమిషనురా అది!"

క్రాంతి నెమలి పొట్ట వైపు చూశాడు. నాలుగు కాళ్ళు మిషను స్టాండువి. కడుపులో చక్రం కాలితో తొక్కితే తిరిగే చక్రం. వంగి మేస్తున్న తల, సూది ఉండే తల. తోక అనుకున్నది వెనక్కి జారే గుడ్డ. పాకేనాడు ఆ చక్రంలో వేలు పెట్టి ఏడిచినవాడు, ఆ స్టాండు పక్కన కూర్చొని మొన్న ఆదివారం కూడా పప్పన్నం తిన్నవాడు, దాన్ని తెర మీద ఇంత పెద్దది చేసి ఊరందరి చేత నవ్వించాడు. రెండు పూతలు కొట్టి చెరిపాడు. చివరి చాప మీద కూర్చొని ఆ నవ్వులన్నీ విన్నది అమ్మ. నిన్న రాసిన స్టేటస్ గుర్తొచ్చింది. ఆయన చెవులు, మెడ, ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"ఆ పొద్దే చెప్తానంటి గదరా" అంది విశ్వాసమ్మ. "మీయమ్మ నా చేతులు పట్టుకునె. అందర్లో నవ్వినాడు వదినా, అది తల్లి గీసిందని తెలిస్తే నా కొడుకు తలెత్తుకోల్యాడు, గోడ కింద రాళ్ళు పెట్టుకుందాం, మనకు రాళ్ళు సాలు అనె. అందరి గుర్తుల కిందా పెడితిమి. ఇప్పుడు జూస్తే ఆ రాళ్ళూ ల్యావు!"

"రాళ్ళు నేనే పారేసినా" అన్నాడు క్రాంతి.

"వాన్నేమనొద్దు వదినా" అంది రత్నమణి. కొంగులో చేయి ఇంకా దాచుకునే ఉంది. "నాకు బొమ్మ సరిగా రాదు. ఎవురు సూసినా గాడిదనే అనుకుంటారు. వాడేం చేస్తాడు, పాపం."

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. హనుమేష్ అయినా ఎగతాళిగా ఒక మాట అంటే బాగుండునని క్రాంతి వాడి వైపు చూశాడు. వాడు తల వంచుకొని ఆటో అద్దం తుడుస్తున్నాడు.

క్రాంతి ఫోను తీశాడు. ఆ ఫోటోలు ఇంకా అందులోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలితో జరిపి చూశాడు. మిషను, స్టీరింగు, పార, బుట్ట. నవ్వు రావాలని బొమ్మ ఒక్కటే నిండుగా పడేట్టు తీశాడు గదా, చుట్టూ ఏముందో ఏ ఒక్కదాంట్లోనూ పడలేదు. అది ఏ చెట్టుకెదురో, ఏ కరెంటు స్తంభం పక్కనో, ఏమీ లేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వంగి ముంత తీసుకున్నాడు. జాజులో వేలు ముంచి, అమ్మ గీసిన వణుకు గీతల పక్కనే మిషను గీశాడు. స్టాండు, బల్ల, చక్రం, సూది, బల్ల మీద నాయన ఎప్పుడూ పెట్టుకునే కత్తెర. పోతపోసినట్టు వచ్చింది. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి చూశారు.

రత్నమణి కళ్ళు తుడుచుకుంది. "అచ్చం మీ నాయన మిషనే. శానా బాగుండాది" అంది. కాసేపు అట్లే చూసి, "కానీ ఈడ కాదు నాయనా" అంది.

"మరి యాడమ్మా?"

"రాళ్ళు ల్యాకపోయేసరికి నిన్న ఈడనే అనుకోని గీసినా. ఇప్పుడొచ్చి సూస్తే ఈడ కాదనిపిచ్చె. అందుకే తుడుస్తాంటి." ఆమె లేచి గోడను అటు డ్యాము దాకా, ఇటు బురుజు దాకా చూసింది. "యాడని చెప్పేది నాయనా? ఎటు సూసినా నీ బొమ్మలే గదా."

అవతల నుంచి రెజీనా మళ్ళీ అరిచింది. "ఏసన్న మామ పూలు పట్టుకోని నిలబడినా! కొట్టండి!"

రత్నమణి, విశ్వాసమ్మ చేతిలోని గుండ్రాయి తీసుకొని కొడుకు చేతిలో పెట్టింది. "నువ్వు కొట్టు నాయనా. నువ్వొస్తే నీతోనే కొట్టించాలని ఇన్నేండ్లూ అనుకుంటాంటి."

క్రాంతి రాయి పట్టుకొని గోడ ముందు నిలబడ్డాడు. డ్యాము నుంచి దూకుతున్న నీళ్ళు, పచ్చటి పూలు, నెమలి, బురుజు. ఒక్కో ఈక తను వేసిందే, ఒక్కో ఆకు ఎక్కడుందో కళ్ళు మూసుకొని చెప్పగలడు. నాయన ఎక్కడున్నాడో చెప్పలేడు. చేయి పైకెత్తి, ఎక్కడ దించాలో తెలియక అట్లే నిలబడిపోయాడు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

రత్నమణి అతని చేతిలోంచి రాయి మెల్లగా తీసుకుంది. "అడుగడుక్కూ కొడతా పోతే యాడో ఒకచోట తగుల్తాడులే" అని గోడ మొదటి చివరికి నడిచి, డ్యాము కింద నీళ్ళ మీద టక్ టక్ మని కొట్టింది. లోపల రెజీనా, "ఆ, ఈడనా" అంది. రత్నమణి ఒక అడుగు జరిగి మళ్ళీ కొట్టింది. ఇంకో అడుగు జరిగి మళ్ళీ కొట్టింది. రంగు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. మిగతా ఆడవాళ్ళు తలా ఒక రాయి ఏరుకొని ఆమె వెనక నడిచారు. క్రాంతి జాజు ముంత పట్టుకొని వాళ్ళ వెనక నడిచాడు.

సగం చేలు దాటేసరికి లోపల నుంచి రెజీనా గొంతు వచ్చింది. "పూలైపోయినాయత్తా! ఇంకా కొడతాండారే, ఇంకా యాడ పెట్టేది?"

రత్నమణి నెమలి మీద కొట్టి, ఒక అడుగు ముందుకు జరిగింది.